ఎలుక ఎంత తాగింది?

పీహెచ్‌డీలో నేను తేల్చాల్సింది వినడానికి తేలికే. ఒంటరి ఎలుక మద్యం ఎక్కువ తాగుతుందా, తోడున్న ఎలుకా? యాంఫెటమైన్ లాంటి ఉత్తేజక మందు ఇస్తే ఆ తాగుడు ఏమవుతుంది? "ఎలుకలకు మందు పోస్తున్నావా?" అని ఇంట్లో ఒకటే నవ్వు. పోయడం ఒక మందు, పొడవడం ఇంకో మందు.

బోనుకు రెండు బాటిళ్లు. ఒకదాంట్లో నీళ్లు, రెండోదాంట్లో 20 శాతం ఆల్కహాల్. ఆల్కహాల్ మాత్రం రోజు విడిచి రోజే. అలా ఆపి ఆపి ఇస్తే వారాలు గడిచేకొద్దీ తాగుడు పెరుగుతుంది. పెట్టే ముందు తూకం, తీశాక తూకం. ఎలుకలు ఒక పక్కకే అలవాటు పడతాయి కాబట్టి బాటిళ్లను ఎడమా కుడీ మార్చాలి.

మొదటి వారమే ఒక ఎలుక విపరీతంగా తాగేసింది. గొప్పగా వెళ్లి చెప్పాను. "ఖాళీ బోనుకు కూడా బాటిల్ పెట్టి చూశావా?" అన్నారు మా గైడ్ మేడమ్. పెట్టి చూస్తే అదీ మూడు గ్రాములు తగ్గింది. ఎలుక తాగలేదు, బాటిల్ కారింది!

అసలు చిక్కు బోను దగ్గర వచ్చింది. నాలుగు ఎలుకలు కలిసుంటే ఎవరెంత తాగారో తెలియదు. కొలవడానికి విడదీస్తే ఒంటరితనం దానంతటదే వచ్చిపడుతుంది. 1970ల చివర్లో కెనడాలో బ్రూస్ అలెగ్జాండర్ బృందం, విశాలమైన చోట గుంపుగా ఉన్న ఎలుకలకన్నా ఒంటరి బోను ఎలుకలే మార్ఫిన్ ఎక్కువ తాగాయని చూపింది. అలాంటప్పుడు బోనును పట్టించుకోకుండా ఎలా? రెండు నెలలు తల బద్దలు కొట్టుకున్నాక బోను మధ్యలో జాలీ పెట్టాం. అటూ ఇటూ ఒక్కో ఎలుక, ఎవరి బాటిళ్లు వాళ్లవి. మొదటి రాత్రి రెండూ జాలీకి ముక్కులు ఆనించి పడుకున్నాయి. దాన్ని తోడని రాయాలో ఒంటరితనమని రాయాలో తోచక, మూడో గ్రూపుగా రాశాను.

ఇంజెక్షన్ టెన్షన్ వేరు. సూది భయానికే తాగుడు మారిపోవచ్చు. అందుకే వారం పాటు వట్టి సెలైన్ ఇచ్చి అలవాటు చేశాను. తర్వాత యాంఫెటమైన్. ఆల్కహాల్ అంకె దబ్బున పడిపోయింది. గ్రాఫ్ గీసి మరీ తీసుకెళ్లాను.

"మరి నీళ్లో?"

నీళ్లూ తగ్గాయి. మేతా తగ్గింది. యాంఫెటమైన్ ఆకలినే చంపుతుంది. ఎలుక బోనంతా వాసన చూస్తూ తిరుగుతోందే తప్ప ఏ బాటిల్ దగ్గరా ఆగడం లేదు. దానికి మద్యం మీద విరక్తి పుట్టిందని నేను రాసుకున్న పేరా కొట్టేశాను.

తక్కువ డోసుతో మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి నోట్‌బుక్‌లో మొదటి గడి నీళ్లది.