పుల్ల బీరు కోసం ఫ్లాండర్స్: బ్రూజ్ నుంచి ఔదెనార్దె దాకా

బ్రూజ్‌లో రైలు దిగేసరికి మా బావమరిది ప్లాన్ వేరు, నా ప్లాన్ వేరు. వాడికి కాలవల్లో పడవ, చాక్లెట్ షాపులు, ఫోటోలు కావాలి, నాకేమో ఫ్లాండర్స్ (బెల్జియం ఉత్తర భాగం) వాళ్ళ పుల్లటి ఎర్ర బీరు, దాని పక్కింటి చుట్టం లాంటి బ్రౌన్ బీరు రెండూ అవి పుట్టిన ఊళ్ళల్లోనే తాగి చూడాలని ఎప్పట్నుంచో ఉంది. హాలండ్‌లోని ఐండ్‌హోవెన్‌లో మా ఇంటి దగ్గర షాపులో సీసాలు దొరుకుతాయి, తాగుతూనే ఉంటా, కానీ ఒకదాని పులుపుకీ ఇంకోదాని పులుపుకీ అంత తేడా ఎందుకుంటుందో అక్కడికి వెళ్తే గానీ తెలీదనిపించింది.

సరే ముందు వాడి మాటే విన్నాం. ఊరంతా తిరిగి అవర్ లేడీ చర్చికి వెళ్ళాం, మైకెలాంజిలో చెక్కిన తల్లీబిడ్డల పాలరాతి విగ్రహం ఉండేది అక్కడే. జనమంతా దాని ముందే మూగారు. నేను వాణ్ణి పక్కకి లాక్కెళ్ళి ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన బర్గండీ డచెస్ మేరీ సమాధి చూపించా. 1457లో పుట్టింది, 1482లో వేటకెళ్ళి గుర్రం మీంచి పడి పాతికేళ్ళకే పోయింది పాపం. "ఈవిడ బొమ్మే ఉంటది మనం ఇప్పుడు తాగబోయే సీసా మీద" అంటే వాడు నమ్మలా. కేఫ్‌లో సీసా వచ్చాక చూశాడు, చేతి మీద డేగతో నిజంగా ఆవిడే.

డచెస్ ద బుర్గోన్ అంటారు దాన్ని, ఎర్ర బీరే, విఖ్టె అనే చిన్న ఊళ్ళో వెర్‌హాగె కుటుంబం 1885 నుంచి నడుపుతున్న బ్రూవరీది, ఆల్కహాల్ 6.2 శాతం. ఓక్ పీపాల్లో 8 నెలలున్న బీరు, 18 నెలలున్న బీరు కలిపి చేస్తారు. వాడు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, "బావా, ఇది పాడైపోయినట్టుంది, వెనిగర్ వాసనొస్తోంది, మార్చమని చెప్పు" అన్నాడు. "ఒరేయ్, అది అలాగే ఉంటది, ముందు తాగు" అన్నా. మొహం చిట్లించి ఒక గుక్క, కాస్త తేరుకుని ఇంకో గుక్క, ఆ తర్వాత గ్లాసు కింద పెట్టలా. పులుపు వెనకాలే చెర్రీ పండు రుచి, పంచదార పాకం తీపి వచ్చి సర్దేస్తాయి మరి. నన్నడిగితే ఆ తీపే దీని ప్లస్సూ మైనస్సూ, పుల్ల బీరు ఎప్పుడూ తాగనివాళ్ళకి మొదట ఇదే ఇవ్వాలి, కానీ రెండో గ్లాసుకి నాకు వెగటు పుడుతుంది.

మర్నాడు పొద్దున్నే రూసెలారె రైలెక్కాం. టూరిస్టు ఊరు కాదు, సైకిల్ రేసుల పిచ్చి ఉన్న మామూలు వ్యాపారాల ఊరు, దానికి కోర్స్ అని ఒక సైకిల్ మ్యూజియం కూడా ఉంది, మేం బయట్నుంచే చూశాం. మేం వెళ్ళింది ఎర్ర బీరు చేసే రోడెన్‌బాక్ కోసం. 1821లో అన్నదమ్ములు కలిసి కొన్న బ్రూవరీ, వాళ్ళలో అలెగ్జాండర్ చిన్నప్పుడే చూపు పోయినా 1830లో బెల్జియం విడి దేశం అయినప్పుడు ఆ దేశ రాజ్యాంగం రాసిన జాతీయ కాంగ్రెస్‌లో సభ్యుడిగా కూర్చున్నాడు. తర్వాతి తరాల్లో యూజీన్ అనే ఆయన 1870ల్లో ఇంగ్లండ్ వెళ్ళి అక్కడి పోర్టర్ అనే నల్లటి బీర్లని పెద్ద పీపాల్లో ఎలా మాగబెడుతున్నారో, పాతదీ కొత్తదీ ఎలా కలుపుతున్నారో చూసొచ్చాడని చెప్తారు. ఇప్పుడు ఆ కంపెనీ వేరేవాళ్ళ చేతుల్లో ఉంది, 1998లో పామ్ అనే ఇంకో బెల్జియం బ్రూవరీ కొంది, ఆ తర్వాత హాలండ్ వాళ్ళకి పోయింది, పీపాలు మాత్రం అక్కడే ఉన్నాయి.

ఆ పీపాలే చూడాలండీ అసలు. ఫూడర్ అంటారు, 294 ఉన్నాయి, హాల్ తర్వాత హాల్, నిలువుగా నిలబెట్టిన ఓక్ పీపాలు, చుట్టూ ఇనప కట్లకి ఎర్ర రంగు, ఒక్కోదానికీ ఒక నంబరు. చిన్నవాటిలో 12 వేల లీటర్లు పడతాయి, పెద్దవాటిలో 65 వేలు. కొన్ని 150 ఏళ్ళు దాటినవి. ఒకదాని దగ్గరకెళ్ళి చూస్తే చెక్కకీ చెక్కకీ మధ్య సందులో ఎండిన రెల్లు కూరి, పైన తేనెమైనం పూసి ఉంది, మేకు ఒక్కటి కూడా లేదు. చెయ్యి పెడితే చల్లగా కాస్త తేమగా తగిలింది. హాలంతా తడి చెక్క, పుల్ల ఆపిల్, దూరంగా ఎక్కడో వార్నిష్ వాసన.

కొత్త బీరు అందులో పోసి రెండేళ్ళు వదిలేస్తారు. లాక్టోబాసిలస్ లాంటి బ్యాక్టీరియా పెరుగులో ఉండే పులుపు, అదే లాక్టిక్ యాసిడ్, తయారుచేస్తాయి, చెక్కలోంచి సన్నగా దూరే గాలి తగిలి అసిటిక్ యాసిడ్ అంటే వెనిగర్ ఘాటు వస్తుంది, మామూలు ఈస్ట్ తినలేక వదిలేసిన చక్కెరల్ని బ్రెట్టనోమైసెస్ అనే మొండి ఈస్ట్ మెల్లగా తినేస్తుంది. పీపా చిన్నదైతే లీటరుకి తగిలే చెక్క ఎక్కువ, కాబట్టి గాలీ ఎక్కువ, ఘాటూ ఎక్కువ. అందుకే ఒకే బీరు పోసినా ఏ రెండు పీపాలూ ఒకేలా రావు. గైడ్ ఒక పీపా కుళాయి తిప్పి ఏమీ కలపని బీరు రుచి చూపించింది. నురగ లేదు, గ్యాస్ లేదు, దవడలు లాగేసే పులుపు, నాలిక పక్కల్లో వగరు. మా వాడు కళ్ళు మూసుకుని "అమ్మో" అన్నాడు. నాకైతే అద్భుతంగా ఉంది గానీ గ్లాసుడు తాగమంటే నా వల్ల కాదు.

అసలు పని అంతా అక్కడే ఉందని నా ఉద్దేశం. పాత చింతపండూ కొత్త చింతపండూ కలిపి పులుసు పెట్టినట్టు, ఈ పుల్లటి పాత బీరుని తియ్యటి కొత్త బీరుతో కలుపుతారు. మామూలు రోడెన్‌బాక్‌లో పాతది పావు వంతే, 5.2 శాతం, ఎండాకాలం గటగటా తాగేయొచ్చు. వాళ్ళదే గ్రాండ్ క్రూ అనే రకంలో మూడింట రెండొంతులు పాతదే, 6 శాతం, ఇది మాత్రం మెల్లగా. ఈ పాళ్ళు తిన్నగా కుదిరితే పులుపు మొదట కొరికి, వెంటనే పళ్ళ రుచికి దారిస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే తాగితే పులుపొక్కటే తెలుస్తుంది, ఓ పావుగంట బల్ల మీద ఉండనివ్వండి.

అక్కణ్ణుంచి కోర్ట్రైక్‌లో రైలు మారి ఔదెనార్దె. స్కెల్డ్ నది పక్కన ఊరు, 1500ల్లో కట్టిన టౌన్ హాల్ ఒక్కటి చూసినా చాలు. 1679 నుంచి రికార్డుల్లో ఉన్న, బ్రౌన్ బీరు చేసే లీఫ్‌మన్స్ బ్రూవరీ ఇక్కడిదే. ఇక్కడ చెక్క పీపాలు లేవు. మూత లేని రాగి తొట్టెల్లో పులియబెట్టి, తర్వాత ట్యాంకుల్లో నెలల తరబడి మాగబెడతారు. వెనకటికి సెక్రటరీగా చేరి బ్రూమాస్టర్, అంటే బీరు తయారీకి పెద్ద, అయిన రోసా మెర్క్స్ అనే ఆవిడ నడిపిన చోటు ఇది, బెల్జియంలో ఆ పని చేసిన మొదటి ఆడవాళ్ళలో ఆవిడ ఒకరు.

వీళ్ళ గౌడెన్‌బాండ్ 8 శాతం. రంగు దాదాపు అదే ఎరుపు కలిసిన గోధుమరంగు, తాగితే మాత్రం ఇంకో లోకం. వెనిగర్ ఘాటు దాదాపు లేదు, ఎండుద్రాక్ష, కాల్చిన బ్రెడ్ లాంటి మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) రుచి, పులుపు గుండ్రంగా చివర్లో వస్తుంది. చెక్క లేకపోతే గాలి లేదు, గాలి లేకపోతే ఆ ఘాటు లేదు, అంతే తేడా. కేఫ్‌లో దాంతో పాటు బ్రౌన్ బీరులో ఉడికించిన బీఫ్ కూర, వేడి ఫ్రైస్ తీసుకున్నాం, ఆ చిక్కటి గ్రేవీ పక్కన బీరు ఇంకా పుల్లగా, ఇంకా బాగా అనిపించింది. బీఫ్ తిననివాళ్ళు వాళ్ళ చీజ్ క్రోకెట్లు (నూనెలో వేయించిన చీజ్ ముద్దలు) అడగండి, ఎర్ర బీరు పక్కన కూడా బాగుంటాయి.

ఇక మాకు గొడవ మొదలైంది. వాడు గౌడెన్‌బాండే గొప్పదంటాడు, నేను గ్రాండ్ క్రూ వదలను. "నీకు పుల్లగా ఉంటే చాలు బావా, పప్పులో కూడా అంతే" అంటాడు. పలచటి కాగితం చుట్టిన పెద్ద సీసాలు కొని చెక్-ఇన్ బ్యాగులో స్వెట్టర్ల మధ్య దోపుకున్నాడు. ఏళ్ళ తరబడి దాచుకోవచ్చట, కానీ మా మామయ్య కంటపడకుండా దాచడం ఎలాగో వాడికే తెలియాలి. "నాన్న ఫోన్ చేస్తే మాత్రం వైన్ అని చెప్పు బావా" అని రైల్లో నా దగ్గర మాట తీసుకున్నాడు.