బాట కంటే బాట మొదలు దొరకడమే కష్టం

అహోబిలం వెళ్లొచ్చానంటే అందరూ ముందు అడిగేది అక్కడి రాతి శిఖరం ఉగ్రస్తంభం గురించే. అది ఎక్కడం కష్టమే కానీ దారి వెతుక్కునే పని పెద్దగా ఉండదు, జ్వాలా నరసింహస్వామి గుడి దాకా భవనాశిని వాగు పక్కన జనం కనబడుతూనే ఉంటారు. నాకు అడవి బాట పట్టుకోవడం నేర్పింది మాత్రం పావన నరసింహస్వామి గుడి దారి. ఎగువ అహోబిలం నుంచి నల్లమల లోపలికి ఆరేడు కిలోమీటర్లు. జీపులు పోయే మట్టిరోడ్డు వేరే ఉంది, నేను చెప్పేది కాలిబాట సంగతి.

మొదటిసారి ఫోన్‌లో గుడి మీద పిన్ పెట్టుకుని ధైర్యంగా బయల్దేరాను. పిన్ గుడి ఎక్కడుందో చూపిస్తుంది, బాట ఎక్కడ మొదలవుతుందో చూపించదు. ఆ తేడా తెలియడానికి దాదాపు 40 నిమిషాలు కంపల వెంట తిరిగాను. 'ట్రెకింగ్ రూట్ ఎక్కడ' అని ఇద్దరు ముగ్గురిని అడిగితే అర్థం కాలేదు. గొర్రెలు తోలుకెళ్తున్న పెద్దాయన దగ్గర 'పావన సామి దావ యాడ' అన్నాను, వెంటనే చేతికర్ర ఎత్తి చూపించాడు. 'ఆ పక్క పోవాకు నాయనా, అది గొర్రెల దావ' అని కూడా చెప్పాడు.

అప్పటి నుంచి ఏ ఊళ్లోనైనా 'ఇదేనా దారి?' అని అడగడం మానేశాను. అలా అడిగితే మనల్ని బాధపెట్టడం ఇష్టం లేక ఆ, అదే అనేస్తారు. 'ఎటు పోవాలి?' అని అడిగితే తెలిసినవాళ్లు చెప్తారు, తెలియనివాళ్లు తెలిసినవాళ్లను పిలుస్తారు. పొద్దున్నే వెళ్తే పశువులు తోలేవాళ్లు, కట్టెలకు పోయేవాళ్లు ఊరి చివరే దొరుకుతారు, పది దాటితే అడిగే మనిషి ఉండడు.

ఇక లోపల. మనుషుల బాటకీ పశువుల బాటకీ నేల మీద తేడా తెలియదు, రెండూ నున్నగానే ఉంటాయి. పైకి చూడాలి. మనుషులు నడిచే చోట భుజం ఎత్తులో కొమ్మలు విరిగి ఉంటాయి, కొన్ని కొడవలితో ఏటవాలుగా నరికి ఉంటాయి. పశువుల బాటలో కొమ్మలు ఛాతీకి అడ్డంగా తగులుతూనే ఉంటాయి, ఎందుకంటే పశువులు కింద నుంచి దూరిపోతాయి కదా. నేనొకసారి వాగు దాటాక ఈ సంగతి పట్టించుకోకుండా ఎడమ బాట పట్టి అరగంట వంగి వంగి నడిచాను. చివరికి అది ఒక నీటిగుంట దగ్గర ఆగిపోయింది, చుట్టూ బురదలో గిట్టల గుర్తులే. పులులు తిరిగే అడవి అది, నిజంగా టెన్షన్ పడ్డాను. ముందుకి వెతకకుండా వెనక్కి నడిచి, చివరిగా చూసిన గుర్తు, అంటే కొమ్మకి ఎవరో కట్టిన ఎర్రగుడ్డ పీలిక దగ్గరికి వచ్చి నిలబడ్డాకే గుండె కుదుటపడింది. ఇప్పుడు పది నిమిషాల్లో ఒక్క గుర్తూ కనబడకపోతే వెనక్కి తిరగడమే.

బాట ఎక్కువగా తప్పేది వాగుల దగ్గరే. బండల మీద అడుగు పడిన ఆనవాలు ఉండదు, దాంతో వాగులోనే పైకి పోవాలనిపిస్తుంది. పోకండి. ఇవతల నిలబడి అవతలి గట్టు మీద మట్టి ఎక్కడ ఒరుసుకుపోయిందో చూడండి, బాట అక్కడే ఎక్కుతుంది. దాటాక ఒకసారి వెనక్కి తిరిగి చూసుకోండి, తిరిగొచ్చేటప్పుడు అదే చోటు పూర్తిగా వేరేగా కనబడుతుంది. ఎండాకాలం ముందు ఆకురాలి బాటంతా కప్పేస్తుంది కాబట్టి అప్పుడు మరీ జాగ్రత్త.

ఫోన్‌లో మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకుని, నడిచిన దారి రికార్డ్ చేయండి. సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది. అటవీశాఖ చెక్‌పోస్టులో అనుమతి సంగతి కనుక్కోకుండా మాత్రం ఏ అడవిలోకీ వెళ్లకండి, శేషాచలం వైపైతే ఎర్రచందనం గొడవ ఉంది కాబట్టి అస్సలు వద్దు.

ఆ రోజు తిరిగొస్తూ, నేను తప్పిన వాగు గట్టు మీద అసలు బాట వైపు మూడు రాళ్లు పేర్చాను. తర్వాతి ఏడాది వెళ్తే ఐదున్నాయి.