మా కాలనీ మేడల మీద నీడల లెక్క

డిసెంబరు

సోలార్ పెట్టించుకుందామనుకునే ప్రతి ఇంట్లోనూ ముందు వచ్చే ప్రశ్న "ఎంతవుతుంది?" అన్నదే. హైదరాబాద్‌లో ఎండకు కొదవ లేదు కాబట్టి దాని గురించి ఎవరూ అడగరు. నేను నీడ గురించి అడుగుతాను. నేరేడ్‌మెట్ వైపు మా కాలనీలో ఎవరు పిలిచినా మేడ ఎక్కి, ఏ మూల ఎన్నింటికి నీడ పడుతోందో కొలిచి కాగితం మీద గీసివ్వడం నాకున్న సరదా. ఈ మధ్య ఆ పని ఇళ్లు దాటి పక్కనున్న ప్రభుత్వ బడి దాకా వెళ్లింది. అందుకే నెలవారీగా రాసిపెడుతున్నాను.

కావలసిన సామాను ఇంట్లో ఉండేదే. ఒక మీటరు పీవీసీ పైపు, అది నిలబడడానికి ఇసుక నింపిన పాత పెయింటు డబ్బా, సుద్దముక్క, టేపు, పైపు నిటారుగా ఉందో లేదో చూడడానికి బరువు కట్టిన దారం. పైపు నీడ రోజు మొత్తంలో అన్నిటికంటే పొట్టిగా ఉన్నప్పుడు గీసిన గీతే ఉత్తర దక్షిణాల గీత. ఫోన్‌లో దిక్సూచి ఉంది కదా అంటారు. స్లాబులో ఇనుము, పక్కనే ట్యాంకు స్టాండు ఉన్నచోట దాన్ని నేను నమ్మను. అలాగని గడియారంలో 12 కాగానే గీసినా తప్పే. మన దేశపు గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, హైదరాబాద్ 78.5 దగ్గర ఉంది. అందువల్ల ఇక్కడ అసలైన మిట్టమధ్యాహ్నం నవంబరు మొదట్లో దాదాపు 12కు, ఫిబ్రవరిలో దాదాపు 12:30కు వస్తుంది. ఈ నెల మూడో వారంలో 12:14 ప్రాంతం.

ఏడాదిలో నీడలు బాగా సాగేది డిసెంబరు 21 చుట్టుపక్కల. అందుకే కొలతలకు ఈ రోజులే ముఖ్యం. మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 49 డిగ్రీల ఎత్తుకు మించి ఎక్కడు. మీటరు పైపుకు 86 సెంటీమీటర్ల నీడ. ఉదయం తొమ్మిదింపావుకు అదే పైపు నీడ 1.7 మీటర్లు. ఆరడుగుల ఎత్తున్న ట్యాంకైతే పదడుగుల నీడ.

ఇక్కడే మన ఇళ్ల సంగతి ఒకటుంది. వాస్తు ప్రకారం ఓవర్‌హెడ్ ట్యాంకు నైరుతిలో కడతారు, ఈశాన్యం ఖాళీగా వదులుతారు. కొలవడానికి వచ్చిన కుర్రాళ్లు ఆ ఖాళీ ఈశాన్యం చూసి "ఇక్కడ పెట్టేద్దాం సార్" అంటారు. చలికాలంలో మధ్యాహ్నం రెండు దాటాక నైరుతి ట్యాంకు నీడ సరిగ్గా ఈశాన్యం వైపే సాగుతుంది. నేను చూసిన మేడల్లో చాలావాటికి ఆగ్నేయం వైపే మంచి చోటు. అక్కడ బట్టలారేసే తీగలుంటాయి. వాటిని మార్చడం తేలిక, ట్యాంకును మార్చడం కష్టం.

ఒక మూల కాస్త నీడ పడితే ఏమైందిలే అనుకోకూడదు. సోలార్ ప్లేటులోని సెల్స్ (ఎండను కరెంటుగా మార్చే చిన్న పలకలు) వరుసగా ఒకదానికొకటి కలిపి ఉంటాయి. ఒక సెల్ నీడలో ఉంటే ఆ వరుస మొత్తంలో కరెంటు పడిపోతుంది. దీన్ని కొంత తప్పించడానికే ప్లేటు వెనక డబ్బాలో నీడ పడ్డ వరుసను తప్పించి కరెంటును దాటించే బైపాస్ డయోడ్లు పెడతారు, మామూలుగా మూడు. అవి ఉన్నా, అరచేయంత నీడకు ప్లేటులో మూడో వంతు పోతుంది.

జనవరి

పండగకు కాలనీ అంతా పతంగులే. ప్లేట్లున్న మేడల మీద మాంజా చిక్కుకుంటే లాగవద్దని పిల్లలకు గట్టిగా చెప్పాను. కేబుల్ పైపొర తెగితే ప్రమాదం, అది వందల వోల్టుల డీసీ (ఒకే దిశలో పారే కరెంటు).

ఈ నెల ఎక్కువగా కాగితాల పనే. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో ఇంటికి మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కోదానికి 30,000, మూడోదానికి 18,000, మొత్తం 78,000 రూపాయలు సబ్సిడీ. మూడు దాటాక ఎంత పెట్టినా అంతే. పది కిలోవాట్ల లోపు దరఖాస్తుకు సాంకేతిక పరిశీలన అక్కర్లేదు, ఆమోదించినట్టే లెక్క. ఇంత సులువు చేసినా మా దగ్గర పని ఆగుతున్నది పేరు దగ్గర. బిల్లు మీద ఇంకా తాతగారి పేరుంటుంది, లేదా ఇల్లు అమ్మిన వాళ్ల పేరు. పథకం పోర్టల్‌లోకి వెళ్లే ముందే బిల్లు మీద యూఎస్‌సీ నంబరు (కనెక్షన్ నంబరు) పక్కనున్న పేరు, బ్యాంకు పాస్‌బుక్‌లోని పేరు ఒకటేనా అని చూసుకోండి. కాకపోతే ముందు పేరు మార్పించుకుని, తర్వాతే సోలార్ మాట.

సబ్సిడీ కావాలంటే ప్లేట్లే కాదు, వాటిలోని సెల్స్ కూడా మన దేశంలో తయారైనవే కావాలి. కొటేషన్‌లో డీసీఆర్ (దేశీయ తయారీ అని గుర్తు) అన్న మాట రాసి ఉండాలి. నోటిమాట చాలదు.

మార్చి

బిల్లుల నెల. నాకు ఇష్టమైన పని ఇదే. ఎదురింటి బాబాయ్‌గారు మూడు కిలోవాట్లు పెట్టిద్దామని అనుకున్నారు. వాళ్ల వాడకం నెలకు 350 యూనిట్లు. ఇద్దరం కూర్చుని లెక్క వేశాం.

మన దగ్గర 200 యూనిట్లు దాటితే మొదటి 200కు యూనిట్ 5.10, తర్వాతి వందకు 7.70, ఆ పై వందకు 9 రూపాయలు. 350కి 1,020, 770, 450 కలిపి 2,240 రూపాయలు. ఫిక్స్‌డ్ చార్జీలవీ వేరు. కిలోవాట్‌కు రోజుకు సగటున నాలుగు యూనిట్ల చొప్పున రెండు కిలోవాట్లకు నెలకు 240 వస్తాయి. మనం వాడినదాంట్లోంచి లైన్‌కు పంపినది తీసేసి లెక్క చూపే నెట్ మీటరులో మిగిలేది 110. అంత తక్కువ వాడకానికి బిల్లు రేట్ల స్లాబే మారిపోతుంది. మొదటి వందకు 3.40, పై పదికి 4.80, మొత్తం 388 రూపాయలు. అంటే మొదటి రెండు కిలోవాట్లు నెలకు 1,852 రూపాయలు మిగిలిస్తే, మూడోది మహా అయితే 388 మిగులుస్తుంది. దానికి సబ్సిడీ కూడా తక్కువే.

బాబాయ్‌గారు కాసేపు కాగితం వైపు చూసి, "అయితే రెండు చాలు. కానీ వచ్చే ఏడు ఏసీ కొంటాం" అన్నారు. అది సరైన మాట. అందుకని ప్లేట్ల డీసీని ఇంట్లో వాడే ఏసీ కరెంటుగా మార్చే ఇన్వర్టర్ మాత్రం మూడు కిలోవాట్లది, ప్లేట్లు ఇప్పుడు రెండుకే అని తేల్చుకున్నాం. తర్వాత కలిపే వాటికి సబ్సిడీ సంగతి ముందే అడిగి తెలుసుకోమని చెప్పాను.

తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల లోపు సున్నా బిల్లు వస్తున్న వాళ్లు అడిగితే మీకిప్పుడు అవసరం లేదనే చెబుతున్నాను. ఎవరికైనా బిల్లు చూడకుండా సోలార్ పెట్టించుకోమనడం నాకిష్టం లేదు.

అపార్ట్‌మెంట్ల వాళ్లకు దారి వేరు. మేడ అందరిదీ. లిఫ్టు, మోటారు, కారిడార్ లైట్లకున్న కామన్ మీటరు మీద అసోసియేషన్ పెట్టించుకోవచ్చు. కిలోవాట్‌కు 18,000 సబ్సిడీ. ఫ్లాట్ల వాళ్లంతా ఒప్పుకుని తీర్మానం రాసుకోవడమే అసలు పని.

ఏప్రిల్

పక్కింటి పిన్నిగారి మేడ మీద బిగింపు మొదలైంది. ఆవిడకున్న బెంగ ఒకటే: "ఏం బాబూ, ఈ ప్లేట్లు పెడితే నా వడియాలు ఎక్కడ ఎండబెట్టుకోను?" ప్లేట్లను మోసే స్ట్రక్చర్ ఎనిమిదడుగుల ఎత్తున వేయించాం. కింద నడవవచ్చు, దక్షిణం వైపు పిట్టగోడ దగ్గర వడియాలకు చోటు ఉంది. ఎత్తు స్ట్రక్చర్‌కు ఖర్చు పెరుగుతుంది, సబ్సిడీ పెరగదు. అయినా మేడ వాడుకునే ఇంట్లో అదే మేలు.

ఎత్తు వల్ల ఇంకో లాభం, ప్లేట్ల కింద గాలి ఆడుతుంది. ప్లేటు మీద రాసిన వాట్లు సెల్ వేడి 25 డిగ్రీలున్నప్పుడు కొలిచినవి. ఈ నెల మధ్యాహ్నం అది 60 దాటుతుంది. డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం తగ్గుతుంది, అంటే పది నుంచి పద్నాలుగు శాతం వేడికే పోతోంది.

వాలు దక్షిణానికి 15 డిగ్రీలు. మన అక్షాంశం 17.4, దానికి దగ్గరగా ఉంటే చాలు. మరీ చదునుగా పెడితే దుమ్ము జారదు.

ఎర్త్ గుంతలు (కరెంటును భూమిలోకి దింపేవి) మూడు తవ్వాలి: ప్లేట్ల వైపుకు ఒకటి, ఇన్వర్టర్ తర్వాత ఏసీ కరెంటు వైపుకు ఒకటి, పిడుగు రాడ్డుకు ఒకటి. ఇంకో వీధిలో ఒక సంస్థ వాళ్లు మూడింటినీ ఒకే గుంతలో కలిపేసి వెళ్లబోతుంటే ఆ ఇంటివాళ్లు నన్ను పిలిచారు. పిడుగు పడితే ఆ కరెంటు ఇన్వర్టర్‌లోకి వెనక్కి రాకూడదు. అందుకే దాని గుంత విడిగా ఉండాలి. బకాయి డబ్బు ఇవ్వకముందే ఇది చూసుకోవాలి. రాడ్డు స్తంభం నీడ కూడా ప్లేట్ల మీద పడకుండా ఉత్తరం వైపు పెట్టించండి.

మే

మే 9న హైదరాబాద్‌లో శూన్య నీడ రోజు. మధ్యాహ్నం 12:12కు సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, పైపు నీడ డబ్బాలోనే ఉండిపోతుంది. ఆ రోజు నుంచి ఆగస్టు 3 దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరంగా ఉంటాడు. ఉత్తరం వైపు అడ్డు ఉంటే ఏమీ కాదన్న మాట ఈ మూడు నెలలూ పూర్తిగా నిజం కాదు. జూన్‌లో ఉదయం తొమ్మిదప్పుడు సూర్యుడు తూర్పుకు కాస్త ఉత్తరంగా ఉంటాడు, ఈశాన్యంలో వేపచెట్టు ఉంటే దాని నీడ ప్లేట్ల మీదికి వస్తుంది.

గాలివాన వచ్చి కరెంటు పోయినప్పుడల్లా ఫోన్లే ఫోన్లు: "ఎండ ఉంది కదా, మా సోలార్ ఎందుకు ఆగిపోయింది?" ఆగాలి. లైన్‌లో కరెంటు లేనప్పుడు మన ఇన్వర్టర్ దానంతటదే ఆపేసుకుంటుంది. లేకపోతే స్తంభం ఎక్కిన లైన్‌మన్ చేతికి మన మేడ మీది కరెంటు తగులుతుంది. ఇది ఇంట్లో ఫ్యాన్లకు వాడే బ్యాటరీ ఇన్వర్టర్ లాంటిది కాదని డబ్బు కట్టకముందే ప్రతి ఇంటికీ చెబుతున్నాను.

కడగడం గురించి. బోరు నీళ్లు వాడొద్దు. మా వైపు నీళ్లలో ఉప్పు ఎక్కువ, ఆరాక గాజు మీద తెల్లటి మచ్చలు మిగులుతాయి, గీకినా పోవు. కుళాయి నీళ్లు వచ్చే రోజున ఒక బకెట్ పక్కన పెట్టుకుని, పొద్దున్నే ప్లేట్లు చల్లగా ఉన్నప్పుడు మెత్తటి గుడ్డతో తుడవాలి. పావురాలు కింద గూడు కట్టకుండా చుట్టూ జాలీ వేయించుకోండి.

జులై

మబ్బు పట్టిన రోజున మూడు కిలోవాట్ల ఇంట్లో ఐదారు యూనిట్లే. ఏప్రిల్‌లో అదే ఇంట్లో పదమూడు, పద్నాలుగు చూశాం. అడిగిన వాళ్లందరికీ రెండూ చెబుతున్నాను.

ఈ నెలంతా బడి పనే. సైన్స్ మేడమ్‌గారు, ఏడో తరగతి పిల్లలతో కలిసి గది గదికీ తిరిగి కరెంటు లోడు (ఏది ఎన్ని వాట్లు తీసుకుంటుందో) రాశాం. ఎక్కువగా ఫ్యాన్లే, 75 వాట్ల పాతవి. ముప్ఫై ఫ్యాన్లు ఆరు గంటలు తిరిగితే పదమూడున్నర యూనిట్లు. తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లైతే ఐదున్నర లోపే. ముందు ఫ్యాన్లు మార్చి, ఆ తర్వాత సోలార్ ఎంత కావాలో చూద్దామన్నాను.

ఇళ్లకున్న సబ్సిడీ బడికి వర్తించదు. దాతలు ఇవ్వాలి, కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) నిధులు రావాలి, లేదా ఎవరైనా తమ ఖర్చుతో పెట్టి యూనిట్‌కు ఇంత అని బడి దగ్గర తీసుకునే రెస్కో పద్ధతి. ఏ దారైనా బడికి ఒక ప్రత్యేక ఇబ్బంది ఉంది. మార్చి 15 ప్రాంతం నుంచి ఒంటిపూట బడులు, ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా సెలవులు. ఎండ బాగా కాసే రోజుల్లో గదులకు తాళం ఉంటుంది. నెట్ మీటరు లేకపోతే ఆ కరెంటంతా వృథా. ఉన్నా, లెక్క తేల్చే సెటిల్‌మెంట్ నాటికి మిగిలిన యూనిట్లకు ఇచ్చే ధర మనం కొనే ధర కంటే బాగా తక్కువ. కాబట్టి బడికి ఏడాది వాడకం చూసి పెట్టాలి, మేడ ఎంత ఖాళీగా ఉందో చూసి కాదు.

స్లాబు పాతది, వానకు ఒక గదిలో చెమ్మ దిగుతోంది. బోల్టుల కోసం రంధ్రాలు వేయనివ్వకూడదని, కాంక్రీటు దిమ్మెల బరువు మీదే స్ట్రక్చర్ నిలబడాలని పట్టుబట్టాను. భవనాల మీద పడే భారాలకు భారత ప్రమాణమైన ఐఎస్ 875 ప్రకారం హైదరాబాద్‌కు లెక్కలోకి తీసుకునే గాలి వేగం సెకనుకు 44 మీటర్లు, గంటకు 158 కిలోమీటర్లు. దిమ్మె బరువు ఆ లెక్కతో రావాలి, ఆ బరువును స్లాబు మోయగలదని ఇంజినీరు సంతకం కూడా కావాలి. పిల్లలు కూర్చునే గది అది.

ఆగస్టు

రెండో శూన్య నీడ రోజు 3వ తేదీ, ఈసారి ఆదివారం పడింది. సోమవారం చేశాం. ఒక్క రోజు తేడాకు మీటరు పైపు నీడ అర సెంటీమీటరు కూడా మారదు. వానాకాలం కాబట్టి 12:22కు సూర్యుడు కనిపిస్తాడన్న నమ్మకం లేదు. పిల్లలు పదకొండున్నర నుంచే మబ్బు విడిపోయినప్పుడల్లా సుద్దతో నీడ కొసను గుర్తు పెట్టారు. మధ్యలో పది నిమిషాలు ఏమీ లేదు. ఆ గుర్తులన్నీ కలిపి గీస్తే గీత పైపు అడుగు మీదుగానే వెళ్లింది. ఒక పాప "సార్, ఇప్పుడు ట్యాంకు నీడ కూడా ఉండదా?" అని అడిగి, సమాధానం కోసం ఆగకుండా చూడడానికి పరుగెత్తింది.

బడి మేడ మీద నీడ పటం ఇప్పుడు వాళ్ల దగ్గరే ఉంది. తూర్పు వైపు సగం మేడకు ఏ అడ్డూ లేదు. పడమర సగానికి మెట్ల గది నీడ ఉంది, డిసెంబరు కొలత చూడకుండా అక్కడ ఏదీ పెట్టనివ్వం. బడి బాగోగులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ సమావేశంలో అడగాల్సినవి రాసుకున్నాం: ఫ్యాన్లకు డబ్బు ఎవరిస్తారు, సెలవుల్లో మేడ తాళం ఎవరి దగ్గర ఉంటుంది, ప్లేట్లు తుడవడానికి మంచినీళ్ల కుళాయి పైకి తెప్పించగలమా, ఐదేళ్ల తర్వాత ఇన్వర్టర్ పాడైతే బాగుచేయించే బాధ్యత కాగితం మీద ఎవరిది.