సుగంధ వైన్ తరువాత షెనిన్ బ్లాంక్: ఒకే బాట్లింగ్ లైన్‌తో నా అనుభవం

నాసిక్ సమీపంలోని ఒక చిన్న వైనరీలో బాట్లింగ్ పని చూసుకునే నాకు, నారింజ తొక్క, లవంగం, దాల్చినచెక్క వేసి తయారుచేసిన సుగంధ వైన్ నింపిన లైన్‌పైనే షెనిన్ బ్లాంక్ అనే తీపి లేని తెల్లవైన్‌ను నింపవలసి రావడం అన్నిటికన్నా కష్టమైన పనిగా ఉండేది. షెనిన్ బ్లాంక్ పరిమళం చాలా సున్నితమైనది. అందులో లవంగం జాడ ఏ కాస్త కలిసినా దాగదు.

నేను ఆ బాధ్యత తీసుకునేనాటికి అమలులో ఉన్న శుభ్రపరిచే పద్ధతి క్రిములను దృష్టిలో పెట్టుకుని రాసినది: చల్లని నీటితో కడగడం, 75 డిగ్రీల కాస్టిక్ (కాస్టిక్ సోడా) ద్రావణం తిప్పడం, మళ్లీ నీళ్లు, సిట్రిక్ ఆమ్లం, చివరగా లైన్ కొసన కూడా 82 డిగ్రీలకు తగ్గకుండా 20 నిమిషాల పాటు వేడినీళ్లు. క్రిముల వరకు అది మంచి పద్ధతే. అయితే కాస్టిక్ మిగిలిందో లేదో పీహెచ్ మీటర్ చెబుతుంది గాని, వాసన మిగిలిందో లేదో చెప్పలేదు.

అందుకని లైన్‌ను విప్పించి, ఫిల్లర్ వాల్వుల్లోని రబ్బరు రింగులను, పైపు జాయింట్లు కారకుండా పెట్టే గాస్కెట్లను, గొట్టం ముక్కను, స్టీలు భాగాన్ని వేర్వేరు గాజు సీసాల్లో వేసి, కొన్నింటిలో నీళ్లు, కొన్నింటిలో 12 శాతం ఆల్కహాల్ కలిపిన నీళ్లు పోసి, రాత్రంతా మూత పెట్టి ఉంచాను. స్టీలు ఉన్న సీసాలో ఏ వాసనా లేదు. రబ్బరు రింగు ఉన్న నీటి సీసాలో వాసన చాలా తక్కువ. ఆల్కహాల్ ఉన్నదాని మూత తీయగానే లవంగం, నారింజ గుప్పుమన్నాయి. గోటితో నొక్కితే ఆ రింగు కొత్తదానికంటే మెత్తగా, కొద్దిగా ఉబ్బి ఉంది. నారింజ తొక్కలోని లిమొనీన్, లవంగంలోని యూజెనాల్ నూనె స్వభావం గలవి కనుక, ఈపీడీఎం, సిలికాన్ వంటి రబ్బరు వాటిని తనలోకి పీల్చుకుంటుంది. నీటికి అంతగా వదలని ఆ వాసనను తరువాత వచ్చే వైన్‌లోని ఆల్కహాల్ బయటికి లాగుతుంది. చివరి కడుగు నీటిని వాసన చూసి లైన్ శుభ్రంగా ఉందనుకోవడం చాలదని నాకు అక్కడే తేటతెల్లమైంది.

నూనెలను బాగా తట్టుకునే ఎఫ్‌కేఎం రబ్బరు వాడదామన్న ఆలోచన వచ్చింది గాని, వేడి కాస్టిక్‌కు అది త్వరగా పాడవుతుంది. కాబట్టి సుగంధ వైన్‌కు గాస్కెట్లు, గొట్టాలు, ఫిల్టర్ కార్ట్రిడ్జ్‌లు విడిగా కేటాయించి, ఎర్ర గుర్తు వేసి, వేరే అలమరాలో పెట్టించాను. గాస్కెట్ల ఖర్చు గురించి యాజమాన్యం అడిగినప్పుడు, ఒక ట్యాంకు వైన్ పాడైతే పోయే సొమ్ముతో పోల్చి చూపవలసి వచ్చింది. నింపే వరుసనూ మార్చాము: ముందు తీపి లేని తెల్లవైన్, తరువాత గులాబీ రంగు ‘రోజే’ వైన్, ఎర్రవైన్, తీపి వైన్, అన్నిటికీ చివర సుగంధ వైన్. తీపి వైన్ మిగిలితే వచ్చే ప్రమాదం వేరు. ఆ చక్కెరతో సీసాలోనే మళ్లీ పులియడం మొదలుకావచ్చు. క్లోరిన్‌ను మాత్రం ఆ గదిలోకే రానివ్వము, ఎందుకంటే అది సీసాల కార్కు, చెక్కలతో కలిసి బూజు కంపు కలిగించే టీసీఏ అనే రసాయనానికి దారితీస్తుంది.

ఇప్పుడు షెనిన్ బ్లాంక్ మొదలుపెట్టగానే తొలి సీసాలను పక్కన పెట్టి, మూడు గ్లాసుల పరీక్ష చేస్తాము. ఒకే రకం రెండు గ్లాసుల్లో, వేరొకటి మూడోదానిలో పోసి, సీసా వైన్‌ను ట్యాంకు వైన్ నుంచి రుచి చూసేవారు వేరుచేయగలరేమో చూస్తాము. వేరుచేయగలిగితే లైన్ ఆపి, వాల్వులు మళ్లీ విప్పుతాము.