పళ్ళ డాక్టర్ పట్టుకున్న జబ్బు

నా జబ్బుని మొదట పట్టుకుంది పళ్ళ డాక్టర్. అంతకుముందు అందరూ గ్యాస్ ట్రబుల్ అనే అన్నారు, నేనూ అదే చెప్పుకుని తిరిగా, పొద్దున్నే పరగడుపున ఒక టాబ్లెట్, చివరికి ఎండోస్కోపీ కూడా చేసి కాస్త ఎర్రగా ఉందని అదే టాబ్లెట్ డోసు పెంచి పంపేశారు. చల్లనీళ్ళు తాగితే పళ్ళు జివ్వుమంటున్నాయని కూకట్‌పల్లిలో మా హాస్టల్ పక్క క్లినిక్‌కి వెళ్తే ఆయన చిన్న అద్దం పెట్టి పై పళ్ళ లోపలివైపు చాలాసేపు చూశారు. బయటికి బానే ఉన్నాయి, నాలుక తగిలే వైపు మాత్రం ఎనామెల్ అరిగిపోయి గాజులా నున్నగా అయిపోయిందట. "ఏమ్మా, వాంతులు అవుతుంటాయా?" అన్నారు. లేదని చెప్పా. ఆయన రెట్టించలేదు, ఒక సైకియాట్రిస్ట్ నంబర్ రాసిచ్చి, "ఒకవేళ అయితే వెంటనే బ్రష్ చెయ్యకమ్మా, ఉత్త నీళ్ళతో పుక్కిలించు, యాసిడ్‌కి మెత్తబడ్డ ఎనామెల్ బ్రష్ పెడితే ఇంకా పోతుంది" అని మాత్రం చెప్పారు.

ఎవరికీ డౌట్ రాకపోవడానికి కారణం నా బరువు. ఈటింగ్ డిజార్డర్ అంటే ఎముకలు తేలిన అమ్మాయి అనుకుంటారు కదా, నేను మామూలుగానే ఉన్నా, పైగా మొహం ఉబ్బేది. చెవుల కింద, సరిగ్గా గవదబిళ్ళలు వచ్చే చోట. మాటిమాటికీ వాంతులు చేసుకుంటే అక్కడి లాలాజల గ్రంథులు వాస్తాయని తర్వాత తెలిసింది, అప్పుడు మాత్రం అమ్మ గవదలేమో అనుకుంది, చుట్టాలేమో "హైదరాబాద్ నీళ్ళు బాగా పడ్డాయే, బుగ్గలొచ్చాయి" అనేవాళ్ళు. ఆ మాట విన్నానంటే ఇంక తిండి బంద్. శనివారం ఒక్కపొద్దు, సోమవారం ఇంకోటి, దేవుడి పేరు చెప్తే మనిళ్ళల్లో ఎందుకు తినలేదని ఎవరూ అడగరు. రాత్రికి ఆ ఆకలంతా ఒక్కసారి మీద పడేది, బ్రెడ్డు, పెరుగన్నం, అమ్మ పంపిన సున్నుండల డబ్బా, రుచి కూడా తెలిసేది కాదు, ఆపుదామన్నా చెయ్యి ఆగేది కాదు, తర్వాత బాత్రూంలో ట్యాప్ ఫుల్లుగా తిప్పి...

సైకియాట్రిస్ట్ మేడమ్ ముందు రక్తపరీక్ష, ఈసీజీ రాశారు. పిచ్చి డాక్టర్‌కి ఈసీజీ ఎందుకా అనుకున్నా, పొటాషియం బాగా పడిపోయి ఉంది, వాంతుల వల్లే, అది మరీ తగ్గితే గుండె కొట్టుకోవడంలోనే తేడా వస్తుందట. అప్పుడు భయమేసింది నిజంగా.

తర్వాత ప్రశ్నలు. తినేటప్పుడు కంట్రోల్ తప్పినట్టుంటుందా, తిన్నాక ఏం చేస్తావ్, వారానికెన్నిసార్లు, ఎన్నాళ్ళ నుంచి. ఇలా అదుపు తప్పి తినడం, తర్వాత దాన్ని వదిలించుకోవడం మూడు నెలల పాటు కనీసం వారానికోసారి ఉంటే బులిమియా అంటారట, 2013లో డీఎస్ఎమ్-5 (డాక్టర్లు మానసిక జబ్బుల్ని గుర్తించడానికి వాడే అమెరికా పుస్తకం) వచ్చేదాకా వారానికి రెండుసార్లు ఉండాలనేవాళ్ళు. ఇవే లక్షణాలతో బరువు బాగా పడిపోయి ఉంటే అనొరెక్సియా కింద రాసేవారు, తిన్నదాన్ని వదిలించుకునే పనులేవీ లేకుండా అదుపు తప్పి తినడం మాత్రమే ఉంటే బింజ్ ఈటింగ్.

మా పిన్ని కొడుకుది ఇంకో రకం. చికెన్ ముక్క గొంతుకి అడ్డం పడ్డప్పటి నుంచి వాడు గట్టి పదార్థం ముట్టడు, జావ, పాలు, మెత్తగా పిసికిన పప్పన్నం, అంతే, పిల్లాడు చిక్కి సగమైపోయాడు. నా సంగతి తెలిసి వీడికీ అదేనేమోనని పిన్ని బెదిరిపోయింది. లావైపోతానన్న ఊసే లేదు వాడికి, భయమంతా మళ్ళీ అడ్డం పడుతుందనే. దాన్ని ఆర్ఫిడ్ అంటారు. అలాగని లావైపోతానన్న భయం ఉందా అన్న ఒక్క ప్రశ్నతో తేల్చెయ్యకూడదట, మన దగ్గర అనొరెక్సియా ఉన్నవాళ్ళు కూడా కొందరు లావు మాట ఎత్తరు, కడుపుబ్బరం అంటారు, తింటే పడట్లేదంటారు.

నాకు ఫ్లూఓక్సెటిన్ ఇచ్చారు, డిప్రెషన్‌కి మామూలుగా 20 మిల్లీగ్రాములతో మొదలుపెట్టేది బులిమియాకి 60 దాకా పెంచుతారు. మందు కన్నా కష్టమైంది టైముకి తినడం. రాత్రి అలా మీద పడకుండా ఉండాలంటే పగలు ఎక్కడా గ్యాప్ ఉండకూడదు, మూడు పూటలా భోజనం, మధ్యలో ఏదో ఒకటి, తిన్నదీ అప్పుడేమనిపించిందీ నోట్‌బుక్‌లో రాయడం. పెళ్ళిళ్ళ సీజన్‌లో మళ్ళీ జారా, మేడమ్ తిట్టలేదు, ఆ పేజీ తీసి ఆ రోజు మధ్యాహ్నం ఎందుకు తినలేదని అడిగారు. దగ్గర్లో డాక్టర్ లేనివాళ్ళు 14416కి ఫోన్ చేస్తే టెలీమానస్‌లో, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌లో, తెలుగులోనే మాట్లాడతారు.

వాంతులు ఆగి చాలాకాలమైంది, బుగ్గల వాపు పోయింది, పొటాషియం నార్మల్. కార్తీక సోమవారం ఉపవాసం దగ్గర మాత్రం అమ్మకీ నాకూ ఇంకా తెగలేదు, ఉండనంటే "ఒక్కరోజుకేమవుతుందే" అంటుంది, ఈసారి అపాయింట్‌మెంట్‌కి తీసుకెళ్ళి మేడమ్‌తోనే చెప్పించాలి.