దయచేసి కళ్లద్దాలు పెట్టుకోండి బావగారూ
మేముండేది మెల్‌బోర్న్‌ల, మా ఊరు నల్లగొండ నుంచి దేవరకొండ పోయే రోడ్డు మీద. ఆడ డిసెంబర్ అంటే ఎండకాలం సెలవులు, అందుకే సంక్రాంతి అయ్యేదాంక ఉందామని పోయినేడు అందరం ఊరికొచ్చినం. వచ్చిన రెండో రోజే మా వోడు (12 ఏండ్లు) హైస్కూల్ గ్రౌండ్ కెంచి మూతి ముడుసుకొని ఇంటికొచ్చిండు. ఏమైందిరా అంటే 'బావ నన్ను అందరి ముందు ఇన్సల్ట్ చేశారు నాన్నా' అన్నడు. వాని తెలుగు గంతే, ఆదివారం తెలుగు క్లాసులల్ల నేర్సుకున్న పుస్తకం తెలుగు, ఎవలతోనైనా అండీ, గారూ, దయచేసి.

బావ అంటే మా అక్క కొడుకు, ఇంటర్ చదువుతుండు, నోరు జర జాస్తి. ఏమన్నడని అడిగితే, క్రికెట్ల వీడు వరుసగ మూడు బాల్స్ బీట్ అయిండంట, అంటే బ్యాట్‌కు తగల్లేదన్నట్టు, ఎవడో 'బాల్ కనబడ్తలేదేమోరా, తోట్లకెంచి బత్తాయి తెచ్చి ఎయ్యుండ్రి' అన్నడంట, దానికి మా అల్లుడు 'బత్తాయి యాడ సరిపోతదిరా నా బామ్మర్దికి, పుచ్చకాయ తేండి' అన్నడంట. నాకు నవ్వాగలే. నవ్వినందుకు వాడు నాతోని గూడ రెండు గంటలు మాట్లాడలే.

తప్పు మాదే అనుకుంట. పెద్దోళ్లకు నమస్తే పెట్టుడు నేర్పినం, మీరు అనుడు నేర్పినం, ఎవడన్న ఆటపట్టిస్తే తిరిగి అంటించే తెలుగు మాత్రం నేర్పలే. ఆడ క్లబ్ల కోచ్ అవతలి టీంను ఒక్క మాట అననియ్యడు, మ్యాచ్ అయినంక లైన్ల నిలబడి చేతులు కలపాలె, వాడు గట్లనే పెరిగిండు. బావకు అనే హక్కుంటదిరా, చిన్నాయిన కొడుకు గదే మాటంటే లొల్లైతది, బావ అంటే మాత్రం నవ్వాలె అని చెప్తే 'ఆ రూల్ ఎక్కడ రాసి ఉంది?' అన్నడు. ఏం చెప్తం, మా అక్క పెండ్లిల మా బావను నేనెంత సతాయించిన్నో చెప్పిన, అది ఇంకా అర్థం కాలే వానికి.

మాట మార్శి 2018 బాక్సింగ్ డే టెస్ట్, అంటే క్రిస్మస్ తెల్లారి మొదలయ్యే క్రికెట్ మ్యాచ్ ముచ్చట తీసిన. మెల్‌బోర్న్‌ల మన కీపర్ రిషభ్ పంత్ బ్యాటింగ్ చేస్తుంటే ఆస్ట్రేలియా కెప్టెన్ టిమ్ పైన్ కీపింగ్ చేసుకుంట, కీపర్ ధోనీ వన్డే టీంలకు మళ్ల వచ్చిండు, నువ్వు ఖాళీయే గదా, మా పిల్లలను చూసుకుంటవా, నేను నా భార్యను సినిమాకు తీస్కపోత అని గిల్లిండు, స్టంప్ మైక్‌ల మొత్తం వినబడ్డది. పైన్ బ్యాటింగ్‌కు వచ్చినప్పుడు పంత్ గూడ ఊకోలే, తాత్కాలిక కెప్టెన్ అని అంటించిండు. తర్వాత కొత్త సంవత్సరం రోజు పైన్ భార్యతోని, పిల్లలతోని పంత్ దిగిన ఫోటో అంతట తిరిగింది. పక్కన మంచం మీద మా నాయిన ఇదంత విని 'అండ్ల తిట్టేడుందిరా, పిల్లలను చూసుకొమ్మని మర్యాదగనే అడిగిండు గదా' అన్నడు. అప్పుడు నవ్విండు మా వోడు.

కని అన్ని మాటలు ఒక్కటి కావు, అది గూడ చెప్పిన. 2021 జనవరిల సిడ్నీల బౌండరీ కాడ మన హైదరాబాద్ బౌలర్ సిరాజ్‌ను స్టాండ్‌లకెంచి జనం జాతిని పట్టి అన్న మాటలు బావ మాటలు కావు, అంపైర్లు ఆట ఆపిర్రు. గసొంటిది వింటె నవ్వకు, వచ్చి చెప్పు అన్న.

నాలుగైదు రోజులకు బావ బ్యాటింగ్, మా వోడు దగ్గర్నే ఫీల్డింగ్. అల్లుడు గుడ్డిగ రెండుసార్లు ఊపి బీట్ అయిండు. మా వోడు మస్తు సీరియస్‌గ, 'బావగారూ, మీకు బంతి కనిపించడం లేదా? దయచేసి కళ్లద్దాలు పెట్టుకోండి' అన్నడు. ఒక్క సెకను ఎవలకు సమజ్ గాలే, ఇగ తర్వాత గ్రౌండ్ గ్రౌండంత కింద పడి నవ్వుడు, బౌలర్ అయితె కూసునే ఉన్నడు. నవ్వు ఆపుకోలేక మా అల్లుడు తర్వాతి బాల్‌కే బౌల్డ్ అయిండు, అయి గూడ ఒప్పుకోడు, 'తొండి తొండి, నవ్వేటోనికి బాల్ ఏస్తరా, ట్రయల్ బాల్ అది' అని పావుగంట కొట్లాట. ఆనాటికెంచి ఊర్ల పోరగాళ్లంత గదే, మిర్చి బండి కాడ గూడ 'దయచేసి రెండు మిర్చీలు ఇవ్వండి' అంటుర్రు.

మెల్‌బోర్న్ వచ్చినంక ఒక శనివారం కోచ్ నన్ను పక్కకు పిలిశిండు. టీంల ఎవడు బీట్ అయినా మీ వాడు 'పుచ్చకాయ' అని అరుస్తుండు, ఇప్పుడు అందరూ అరుస్తుర్రు, అంటే ఏంది అని అడిగిండు. పండు పేరని చెప్పిన. పండెందుకు అన్నడు. సరే అని బావ కాడికెంచి మొదలువెట్టిన, డ్రింక్స్ బ్రేక్ అయిపోయింది, నేనింక మేనత్త కొడుకు దగ్గర్నే ఉన్న.