భువనేశ్వర్‌లో ఒక ఫైలు వెనకాల మూడు నెలలు

ఒడియాలో ‘కాలి’ అంటే రేపు. నిన్న అన్నా ‘కాలి’యే. ఏ సెక్షన్‌కి వెళ్ళినా “కాలి రండి” అనేవాళ్ళు. నాలుగోసారి విన్నాక, నిన్ననే రావాల్సిందేమో అనిపించేది.

మాది ఇచ్ఛాపురం. బరంపురంలో లా చదివాను. 2022 జూలైలో భువనేశ్వర్‌లో కాంట్రాక్టు ఉద్యోగం దొరికింది. ఆ అక్టోబరు 11 నుంచి 30 దాకా జరగాల్సిన ఫిఫా అండర్-17 మహిళల ప్రపంచకప్‌కి రాష్ట్రం వైపు కాగితాలు సిద్ధం చెయ్యడం నా పని. భువనేశ్వర్, గోవా, నవీ ముంబై ఆతిథ్య నగరాలు. ఫుట్‌బాల్ గురించి నాకు తెలిసింది గోల్ పడితే అరవడం వరకే. అది అడ్డు రాలేదు, ఎందుకంటే మూడు నెలల్లో బంతి మాట ఎవరూ ఎత్తలేదు.

ఇలాంటి పోటీల్లో ఆతిథ్య దేశం ఫిఫాకి ఇచ్చే హామీలు రెండు అంతస్తుల్లో ఉంటాయి. వీసాలు, కస్టమ్స్, పన్నులు, విదేశీ మారకం కేంద్రం చేతిలో ఉంటాయి. స్టేడియం, ప్రాక్టీసు మైదానాలు, బందోబస్తు, అంబులెన్సులు, రోడ్లు రాష్ట్రం, నగరం చూసుకోవాలి. ఒప్పందంలో మాత్రం అన్నీ ఒకే రకం వాక్యాలు: “ప్రభుత్వం హామీ ఇస్తున్నది.” ఏ ప్రభుత్వం, అందులో ఏ శాఖ, ఆ శాఖలో ఏ టేబుల్? మా మేడం మొదటి రోజే చెప్పారు: “ఒక్కో క్లాజు పక్కన ఒక మనిషి పేరు రాయమ్మా. పేరు రాయలేని క్లాజు అక్టోబరులో మన మీదే పడుతుంది.”

రాయడం మొదలుపెట్టాను. నిర్వాహకులకు ఖర్చు లేకుండా బందోబస్తు ఇవ్వాలన్న చోట ఆర్థిక శాఖ ఆగింది. మామూలుగా ప్రైవేటు కార్యక్రమాలకు పోలీసులను ఇస్తే డబ్బు కట్టించుకుంటారు కదా, ఇక్కడ ఆ డబ్బు ఏ పద్దు కింద మాఫీ చెయ్యాలని ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. జవాబు రాయడానికి తొమ్మిది రోజులు పట్టింది.

బ్రెజిల్ జట్టు మన గ్రూపులోనే ఉంది, ఆటలు భువనేశ్వర్‌లోనే. జట్లకు ఆటంకం లేని ప్రవేశం అని హామీలో ఉంటుంది. కానీ బ్రెజిల్ నుంచి వచ్చేవాళ్ళ దగ్గర ఎల్లో ఫీవర్ టీకా కార్డు లేకపోతే మన దేశంలో ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. ఆ నియమం ఏ హామీకీ లొంగదు. హెల్త్ డెస్క్‌లో ఒక పెద్దాయన, టీ తాగుతూ, మాటల్లో మాటగా చెప్పకపోతే నాకు తట్టేదే కాదు. వెంటనే జట్లకు పంపే సూచనల్లో ఆ లైను చేర్పించాం. టీవీ వాళ్ళ వైర్‌లెస్ సెట్లకు ఫ్రీక్వెన్సీ అనుమతి కేంద్రం నుంచే రావాలి, దానికి వేరే దారి. కెమెరాలు తాత్కాలికంగా తెచ్చి తిరిగి పట్టుకెళ్ళడానికి కార్నే అనే పత్రం ఉంటుందని కూడా అప్పుడే నేర్చుకున్నాను.

నన్ను ఎక్కువ ఏడిపించినవి తేదీలు. ఈ టోర్నమెంటు అసలు 2020 నవంబరులో జరగాలి. కరోనా వల్ల 2021 ఫిబ్రవరికి జరిపారు, తర్వాత రద్దు చేసి 2022ది మన దేశానికే ఇచ్చారు. ప్రతిసారీ ఒప్పందం వెనక జతచేసే పాత అనెక్షర్లలోంచే కొత్తవి కాపీ చేశారు. 2020 లెక్కలో ఐదు నగరాలు, అందులో అహ్మదాబాద్ కూడా. లా సెక్షన్ ఒకసారి ఫైలు వెనక్కి పంపింది: “మూడు నగరాలంటున్నారు, పేజీ పద్నాలుగులో ఐదున్నాయి.” ఆ రాత్రి కూర్చుని మొత్తం వెతికాను.

ఇంతలో ఆగస్టు 16 పొద్దున్నే ఫోన్లు. భారత ఫుట్‌బాల్ సమాఖ్యను ఫిఫా సస్పెండ్ చేసింది, టోర్నమెంటు అనుకున్నట్టు ఇక్కడ జరపలేమంది. సమాఖ్యను నడపడానికి సుప్రీంకోర్టు వేసిన కమిటీ బయటి జోక్యం కిందికి వచ్చిందన్నమాట. ఆఫీసులో ఎవరూ ఫైలు మూయమనలేదు, కదపమనీ అనలేదు. నా కాంట్రాక్టు ఆ టోర్నమెంటుకి ముడిపడి ఉంది కాబట్టి నా టెన్షన్ వేరు. అమ్మ ఫోన్ చేసి “వచ్చెయ్యకూడదే” అంది. పదకొండో రోజుకి, కోర్టు ఆ కమిటీని తీసేశాక, సస్పెన్షన్ పోయింది.

తీరా కేంద్ర హామీల మీద సంతకాలకు కేబినెట్ ఆమోదం సెప్టెంబరు 14న వచ్చింది. మొదటి మ్యాచ్‌కి నాలుగు వారాలు కూడా లేదు. నేను కంగారు పడుతుంటే ఒక సీనియర్ నవ్వారు. 2017లో రాంచీ వద్దనుకున్న ఆసియా అథ్లెటిక్స్ పోటీలకు కళింగ స్టేడియాన్ని 90 రోజుల్లో సిద్ధం చేసిన ఊరిది. “ఆగు బాబూ, హెబ” అన్నారు, అంటే అవుతుందని. ఆయన ఆడపిల్లల్ని కూడా బాబూ అనేవారులెండి.

నిజంగానే అయింది. ఆఖరి వారం నా పని ఫైళ్ళు వదిలి రోడ్డు మీదికొచ్చింది. స్పాన్సర్లు కాని కంపెనీల పేర్లు స్టేడియంలో కనపడకూడదు. కుర్చీల వెనక, ఏసీల మీద, మంచినీళ్ళ మిషన్ మీద, చివరికి అగ్నిమాపక సిలిండర్ మీద కూడా టేపు అంటించుకుంటూ తిరిగాం.

11వ తేదీ సాయంత్రం గ్యాలరీలో కూర్చున్నాను. అమెరికా మనమీద ఎనిమిది గోల్స్ వేసింది. నా కళ్ళు మాత్రం ఎదురు గోడ మీద ఊడిపోతున్న టేపు ముక్క దగ్గరే ఉన్నాయి.

డిసెంబరులో ఇంటికొచ్చేశాక మేడం ఫోన్ చేశారు. ఆడిట్ వాళ్ళ ప్రశ్న వచ్చిందట. మూడో అనెక్షర్, పేజీ ఇరవై రెండు, కింద చిన్న అక్షరాల్లో: “2020 నవంబరు.”